తెలుగు వాక్యం చదివే వేగం కొలవాలంటే: మాతృభాష వాళ్ళకీ, తర్వాత నేర్చుకున్నవాళ్ళకీ ఒకే వాక్యాలు ఇవ్వొచ్చా?

తార్నాక_శోధన
అందరికీ నమస్కారం. ఒక ప్రయోగానికి వాక్యాలు తయారు చేస్తున్నాను. కంప్యూటర్ తెర మీద ఒక్కో పదం కనిపిస్తుంది. మీట నొక్కితే ఆ పదం మాయమై తర్వాతి పదం వస్తుంది. నొక్కుకీ నొక్కుకీ మధ్య ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో నమోదవుతుంది. జస్ట్, కార్పెంటర్, వూలీ 1982లో వాడిన పద్ధతే.

రెండు గుంపులు ఉంటాయి: తెలుగు మాతృభాషగా ఉన్న 20 మంది, హిందీ లేదా ఉర్దూ మాతృభాషగా ఉండి తెలుగు తర్వాత నేర్చుకున్న 20 మంది. అందరూ హైదరాబాదులోనే ఉంటున్నవాళ్ళు. నా ప్రధాన వాక్యం ఇలాంటిది:

"రాజు లక్ష్మికి ఉత్తరం రాసిన అబ్బాయిని చూశాడు."

మొదటి మూడు పదాలు చదివేసరికి ఉత్తరం రాసింది రాజే అనిపిస్తుంది. "అబ్బాయిని" రాగానే కాదని తెలుస్తుంది. అక్కడ ఆగిన సమయం రెండు గుంపుల్లో ఎలా ఉంటుందన్నదే నా ప్రశ్న. ఇలాంటివి 16 వాక్యాలు రాశాను, వీటికి పోలికగా "లక్ష్మికి ఉత్తరం రాసిన అబ్బాయిని రాజు చూశాడు" రకం 16. సరిపోతాయా? లోపాలుంటే చెప్పండి.

వాక్యవిచారి
వాక్యం మంచిదే ఎంచుకున్నారు, కానీ కొలత పెట్టిన చోటు గురించి మాట్లాడాలి.

పాఠకుడు తప్పుదారి పట్టే వాక్యాలంటే అందరూ ముందు ఇంగ్లిష్ ఉదాహరణే చెబుతారు. బెవర్ 1970లో ఇచ్చిన "ది హార్స్ రేస్డ్ పాస్ట్ ది బార్న్ ఫెల్" (కొట్టం పక్కగా పరుగెత్తించిన గుర్రం పడిపోయింది). అందులో "రేస్డ్" అన్న రూపం ఒక్కటే "పరుగెత్తింది"కీ, "పరుగెత్తించిన"కీ సరిపోతుంది కాబట్టి చిక్కు. తెలుగులో ఆ చిక్కు పుట్టదు. "రాశాడు" వేరు, "రాసిన" వేరు. "రాసిన" కనబడగానే ఇది ప్రధాన క్రియ కాదు, క్రియాజన్య విశేషణం, దీని తర్వాత ఒక నామవాచకం రావాలి అని పాఠకుడికి తెలిసిపోతుంది.

అయినా "రాసిన" దగ్గర రాజు ఇంకా ఉత్తరం రాసినవాడిగానే ఉండొచ్చు. ఈ మూడూ చూడండి:

రాజు లక్ష్మికి ఉత్తరం రాసిన రోజు...
రాజు లక్ష్మికి ఉత్తరం రాసిన సంగతి...
రాజు లక్ష్మికి ఉత్తరం రాసిన పెన్ను...

మూడింట్లోనూ రాసింది రాజే. మన క్రియాజన్య విశేషణం తర్వాత కర్త, కర్మ, సాధనం, కాలం, స్థలం ఏదైనా రావచ్చు. కాబట్టి రాజుని ఆ చిన్న వాక్యంలోంచి బయటికి నెట్టేది "రాసిన" కాదు, దాని తర్వాతి నామవాచకం. రాసేవాడు, ఉత్తరం అందుకునే ఆవిడ, రాసిన వస్తువు, ఈ మూడు స్థానాలూ నిండిపోయాక మనిషిని సూచించే "అబ్బాయి" వచ్చింది. అతనికి ఖాళీ చెయ్యాలంటే రాజే లేవాలి. ఆలస్యం ఎక్కడ వెతకాలంటే "అబ్బాయి" దగ్గర, దాని తర్వాతి ఒకటి రెండు పదాల దగ్గర.

ఇక్కడే మీ వాక్యానికి గండి పడింది. "అబ్బాయిని" తర్వాత ఒక్క "చూశాడు" మాత్రమే ఉంది, అదీ వాక్యాంతం. ఈ పద్ధతిలో కష్టం కనబడేది చాలాసార్లు ఆ పదం మీద కాదు, తర్వాతి పదం మీద. వేలు మీటను నొక్కుతూ పోతుంటుంది, బుద్ధి వెనకబడి ఉంటుంది. పైగా వాక్యం చివరి పదం మీద అందరూ కాసేపు ఆగుతారు, మొత్తం అర్థం కలుపుకోడానికి. ఆ ఆగడంలో మీరు వెతికేది కలిసిపోతుంది. క్రియ చివర్లో వచ్చే మన భాషల్లో అందరూ పడే గుంట ఇదే. మధ్యలో కనీసం మూడు పదాలు పెట్టండి:

"రాజు లక్ష్మికి ఉత్తరం రాసిన అబ్బాయితో నిన్న సాయంత్రం బస్టాండులో మాట్లాడాడు."

"అబ్బాయితో" కీలకపదం. "నిన్న", "సాయంత్రం" దాని ప్రభావం పొంగిపొర్లే చోట్లు.

రెండో లోపం పోలిక వాక్యం. మీ మొదటి రకంలో "అబ్బాయిని" 5వ పదం, రెండో రకంలో 4వది. వాక్యంలో ముందుకు పోయేకొద్దీ చదివే వేగం దానంతటదే మారుతుంది. స్థానం వేరైతే పోలిక చెల్లదు.

తార్నాక_శోధన
స్థానం సంగతి తట్టలేదు. "రాజు" తర్వాత కామా పెడితే సరిపోతుందా? "రాజు, లక్ష్మికి ఉత్తరం రాసిన అబ్బాయితో..."

వాక్యవిచారి
కామా వద్దు. తెలుగు అచ్చులో కామా వాడకానికి ఒక నియమం స్థిరపడలేదు. ఒకరికి అది గట్టి సూచన, ఇంకొకరి కంటికి ఆనదు. రెండో భాషగా నేర్చుకున్నవాళ్ళు దాన్ని ఎలా తీసుకుంటారో అసలు చెప్పలేం.

తెలుగులో కర్తను వదిలెయ్యొచ్చు, ఆ సౌకర్యం వాడుకోండి. ముందు రెండు రకాలకీ ఒకే సందర్భవాక్యం పెట్టండి: "రాజు మొన్న ఊరి నుంచి వచ్చాడు." తర్వాత,

అ) రాజు లక్ష్మికి ఉత్తరం రాసిన అబ్బాయితో నిన్న సాయంత్రం బస్టాండులో మాట్లాడాడు.
ఆ) ఎప్పుడో లక్ష్మికి ఉత్తరం రాసిన అబ్బాయితో నిన్న సాయంత్రం బస్టాండులో మాట్లాడాడు.

2వ పదం నుంచి 9వ పదం దాకా అక్షరం తేడా లేదు. "ఆ"లో లేవాల్సిన రాజు లేడు.

ఇంగ్లిష్_మాష్టారు
వాక్యవిచారి గారూ, అందులో ఒక మెలిక ఉంది. పేరు చెప్పిన వెంటనే మళ్ళీ అదే పేరు కర్తగా వస్తే పాఠకులు నెమ్మదిస్తారని గోర్డన్, గ్రోస్, గిలియమ్ 1993లో చూపించారు. "అ" రకంలో రాజు రెండుసార్లు వచ్చాడు. ఆలస్యం దానివల్లనని ఎవరైనా అంటే?

వాక్యవిచారి
న్యాయమైన అభ్యంతరం మాష్టారూ. జవాబు లెక్కలోనే ఉంది. పేరు మళ్ళీ రావడం వల్ల కలిగే ఆలస్యం 1వ పదం మీదా, మహా అయితే 2వ పదం మీదా పడాలి. కీలకపదం 5వది. 2, 3 పదాల సమయాలు రెండు రకాల్లోనూ సమానమై, 5, 6 దగ్గర మాత్రమే విడిపోతే కారణం పేరు కాదు. ఈ సరిపోల్చడం చేస్తామని ప్రయోగానికి ముందే రాసి పెట్టుకోవాలి. ఫలితం చూశాక చేస్తే ఎవరూ నమ్మరు.

దక్కనీ_జబాన్
హిందీ, ఉర్దూ వాళ్ళను ఒకే గుంపులో పెట్టడం మీద నా అభ్యంతరం.

మొదటిది "కి" సంగతి. హిందీ "కో" రెండు పనులు చేస్తుంది: "లక్ష్మికి ఇచ్చాడు"లో కి చేసే పని, "లక్ష్మిని చూశాడు"లో ని చేసే పని. తెలుగులో ఆ రెండూ వేరు. హిందీ అలవాటున్న పాఠకుడు "లక్ష్మికి" చూసి ఆమెను కర్మగా పట్టుకునే ప్రమాదం ఉంది. "రాజుకి చూశాను" అనే తప్పు ఇలాగే వస్తుంది. అప్పుడు మీ వాక్యంలో అతను పడే ఇబ్బంది 5వ పదం దగ్గర కాకుండా 3వ పదం "ఉత్తరం" దగ్గరే మొదలవుతుంది, ఎందుకంటే కర్మ స్థానంలో లక్ష్మి అప్పటికే కూర్చుని ఉంది. ఆ గుంపుకి 3వ పదం కూడా విడిగా చూడండి. లేదా సగం వాక్యాలలో "కి" బదులు స్థలాన్ని చెప్పే "లో" పెట్టండి: "రాజు హోటల్లో పాట పాడిన అబ్బాయితో..."

రెండోది మన ఊరి ఉర్దూ. దక్కనీలో "వో ఆతా బోల్కే బోలా" అంటారు. "వాడు వస్తానని అన్నాడు" ఎలా ఉందో అలాగే. చెప్పిన మాట ముందు, "బోల్కే" తర్వాత. ఢిల్లీ హిందీలో "ఉస్నే కహా కి" అని చెప్పడం ముందు వచ్చి, చెప్పిన మాట తర్వాత వస్తుంది. దక్కనీలో "ఉస్నే"లోని ఆ "నే" కూడా చాలామట్టుకు వినబడదు. "అని" వాక్యాలు మీ జాబితాలో ఉంటే పాతబస్తీ పాఠకుడికి అవి పుట్టుకతో వచ్చిన నడక. ఉత్తరాది నుంచి వచ్చి మాదాపూర్‌లో ఉద్యోగం చేసేవాళ్ళకి కొత్త నడక. ఇద్దరినీ కలిపి సగటు తీస్తే ఇద్దరి సంగతీ తెలియదు.

మూడోది, లిపి. ఉర్దూ కుడి నుంచి ఎడమకి. చదివేటప్పుడు చూపు నిలిచిన చోటు నుంచి చదివే దిక్కుగానే ఎక్కువ అక్షరాలు పట్టుబడతాయి. ఇంగ్లిష్‌లో ఎడమకు 3, 4 అక్షరాలు, కుడికి 14, 15. హీబ్రూ చదివేటప్పుడు ఇదే ఎడమవైపుకు తిరుగుతుందనీ, అదే మనిషి ఇంగ్లిష్ చదివితే మళ్ళీ కుడికి వస్తుందనీ పొలాట్‌సెక్ బృందం 1981లో తేల్చింది. కాబట్టి లిపి దిక్కు దానంతట అది అడ్డు కాదు. కానీ ఒక్కో పదమే చూపించే పద్ధతిలో ఆ ముందుచూపు ఎవరికీ దొరకదు, ఆ సంగతి గుర్తుంచుకోండి.

వత్తులు_గుణింతాలు
వాక్యాల సంగతి మీరు చూసుకుంటున్నారు. నేను తెర మీద అక్షరాల గురించి చెబుతాను, ఎందుకంటే ప్రయోగాలు ఇక్కడే పాడవుతాయి.

పదం పొడవును కంప్యూటర్ లెక్కతో కొలవకండి. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో 6 సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుణింతం. "చూడలేకపోయినప్పటికీ" 10 అక్షరాలు, 18 సంకేతాలు. పొడవు ప్రభావాన్ని లెక్కలోంచి తీసెయ్యాలంటే అక్షరాల సంఖ్యా, వత్తుల సంఖ్యా విడివిడిగా నమోదు చెయ్యండి. వత్తు ఉన్న అక్షరం పొడవు పెంచదు, భారం పెంచుతుంది.

రాబోయే పదాల చోట గీతలు చూపించే పద్ధతి ఉంది కదా, అందులో ఒక్కో సంకేతానికి ఒక గీత పెట్టే ప్రోగ్రాములుంటాయి. "స్త్రీ" చోట ఆరు గీతలు వస్తాయి. పదం తెరుచుకోగానే వరుస మొత్తం ఎడమకి జరుగుతుంది, చూపు చెదురుతుంది. పదం ఎన్ని పిక్సెళ్ళ వెడల్పో కొలిచి అంత గీత గీయించండి. వత్తులను విడగొట్టి పక్కన పడేసే సాఫ్ట్‌వేర్ అయితే ప్రతి పదాన్నీ బొమ్మగా తయారు చేసుకోవడమే మేలు. పదం కింద వత్తు తెగిపోకుండా బొమ్మ ఎత్తులో చోటు వదలండి. ఫాంటు ఒక్కటే ఉండాలి, అందరికీ అదే కంప్యూటర్ ఉండాలి. ఫోన్‌లో చేయించకండి.

వర్ణక్రమం: "రాసిన", "వ్రాసిన" కలపకండి. "చూశాడు", "చూసాడు" ఒకటే ఎంచుకోండి. ఇంకొక ముఖ్యమైన మాట. "వచ్చిండు" మాట్లాడే పాఠకుడికి "వచ్చాడు" అచ్చులో అలవాటే, కానీ ఇంట్లో మాట కాదు. మీ అదృష్టం, "రాసిన", "వచ్చిన", "చూసిన" అన్నిచోట్లా ఒకటే రూపం. కొలిచేది అక్కడే కాబట్టి మాండలికం తేడా చివరి క్రియ దగ్గరే మిగులుతుంది. దాన్ని కొలతలోకి తీసుకోకండి.

గచ్చిబౌలి_కోడ్
సంఖ్యల మాట. 40 మంది, ఒక్కొక్కరూ ఒక్కో రకంలో 8 వాక్యాలు చదివితే రకానికి 320 కొలతలు. ఇది చాలా తక్కువ. ఒకే మనిషి రెండు రకాలూ చదివే ఇలాంటి ప్రయోగాలకు రకానికి దాదాపు 1600 కొలతలు ఉండాలని బ్రిస్‌బర్ట్, స్టీవెన్స్ 2018లో సూచించారు. 48 వాక్యజతలు రాస్తే ఒక్కొక్కరూ రకానికి 24 చదువుతారు, 67 మంది కావాలి. 32 జతలైతే ఒక్కొక్కరికి 16, అంటే 100 మంది. అదీ ఒక్కో గుంపుకి. గుంపుల మధ్య తేడా చూడాలంటే ఇంకా కష్టం. వాక్యాలు పెంచడం మనుషుల్ని పెంచడం కన్నా చవక, కానీ 48 దాటితే పాఠకుడు నమూనా పట్టేస్తాడు.

అందుకే రెండు జాబితాలు: 1వ జతలో "అ" రకం చూసినవాడు 2వ జతలో "ఆ" చూడాలి, రెండో జాబితాలో ఇది తిరగబడాలి. ఎవ్వరూ ఒకే జతలోని రెండూ చూడకూడదు. అసలు వాక్యాలకు రెట్టింపు వేరే రకం వాక్యాలు కలపండి. వాటిలో కొన్ని "రాజు లక్ష్మికి ఉత్తరం రాసిన రోజు..." లాంటివి ఉండి తీరాలి. లేకపోతే 10వ వాక్యం దాటాక "రాసిన" కనబడగానే మొదటి పేరు బయటివాడేనని అందరూ ముందే తేల్చుకుంటారు, మీ ఆలస్యం ఆవిరైపోతుంది.

100 మిల్లీసెకన్ల లోపు నొక్కులు తీసెయ్యండి, అది చదవడం కాదు. పైహద్దు విషయంలో జాగ్రత్త. అందరికీ 3000 అని ఒకే గీత గీస్తే నెమ్మదిగా చదివే గుంపు కొలతలే ఎక్కువ కొట్టుకుపోతాయి, వాళ్ళకు కష్టమైన వాక్యాలే పోతాయి. సమయాలకు లాగరిథం తీసి, మనిషినీ వాక్యాన్నీ రెండింటినీ లెక్కలో పెట్టే మిశ్రమ నమూనా వాడండి.

భాషా నమూనాలతో (తర్వాత ఏ పదం వస్తుందో ఊహించే కంప్యూటర్ ప్రోగ్రాములు) ప్రతి పదం ఎంత ఊహించదగినదో కూడా లెక్కించొచ్చు. రోజర్ లెవీ 2008లో వివరించిన ఆశ్చర్యపు కొలత అదే: సందర్భంలో పదం సంభావ్యత ఎంత తక్కువైతే చదివే సమయం అంత ఎక్కువ. తెలుగు పదాన్ని ఆ నమూనాలు నాలుగైదు ముక్కలు చేస్తాయి, ఒక్కోసారి అక్షరం మధ్యలోంచే కోస్తాయి. పదం కొలత కావాలంటే అన్ని ముక్కల కొలతలూ కూడాలి. మొదటి ముక్కది మాత్రమే తీసుకుంటే "అబ్బాయితో" చివరి "తో" ఆశ్చర్యం లెక్కలోకే రాదు.

తార్నాక_శోధన
చాలా ఉపయోగపడింది. ఒక ప్రశ్న. రెండో భాష పాఠకులు "అబ్బాయితో" దగ్గర ఆగకపోతే, వాళ్ళు వాక్య నిర్మాణం కట్టుకోవడం లేదని అర్థమా? క్లాసెన్, ఫెల్సర్ 2006లో చెప్పింది అదే కదా, రెండో భాషలో పైపై నిర్మాణమే కడతారని.

ఇంగ్లిష్_మాష్టారు
ఆ ఒక్క ఫలితంతో అంత మాట అనకూడదు. ఆగకపోవడానికి మూడు నాలుగు దారులున్నాయి.

వాళ్ళు నిజంగానే పదాల అర్థాలను పక్కపక్కన పేర్చుకుని, లోకజ్ఞానంతో సరిపెట్టుకుని ఉండొచ్చు. క్లాసెన్, ఫెల్సర్ వాదం ఇది.

పదాన్ని గుర్తుపట్టడానికే శక్తి అంతా ఖర్చయి, నిర్మాణం ఆలస్యంగా కట్టుకుని ఉండొచ్చు. మెక్‌డొనాల్డ్ 2006లో మాతృభాషవాళ్ళనే ఒత్తిడికి గురిచేసి చూస్తే వాళ్ళూ రెండో భాషవాళ్ళ తరహా తప్పులే చేశారు. అప్పుడు ఆలస్యం 7వ, 8వ పదం దగ్గర కనబడాలి. అక్కడిదాకా చూడకుండా "లేదు" అనకండి.

లేదా నిర్మాణం కట్టినా, జ్ఞాపకంలోంచి సరైన పేరు బయటికి తియ్యడంలో పక్క పేరు అడ్డొచ్చి ఉండొచ్చు. కనింగ్స్ 2017లో ఈ దిశలో వాదించాడు. మీ వాక్యంలో రాజు, లక్ష్మి, అబ్బాయి ముగ్గురూ మనుషులే కాబట్టి ఈ అడ్డు చాలా సహజం.

ఇంకొక అవకాశం మీ లెక్కకే తిరకాసు పెడుతుంది. ఆగలేదంటే మొదట్లో తప్పుదారి పట్టకపోయి ఉండొచ్చు! రాజుని ఏ క్రియతోనూ ముడిపెట్టకుండా చివరిదాకా చేతిలో పట్టుకుని ఉంటే, లేపాల్సిన అవసరమే రాదు.

వీటిని విడదీసేది ప్రశ్నలు. ప్రతి వాక్యం తర్వాత "రాజు లక్ష్మికి ఉత్తరం రాశాడా?" అని అడగండి. క్రిస్టియన్‌సన్ బృందం 2001లో ఇంగ్లిష్‌లో ఇలాగే అడిగితే, వాక్యం పూర్తిగా చదివిన మాతృభాష పాఠకులే పెద్ద సంఖ్యలో మొదటి తప్పు అర్థానికి "అవును" అన్నారు. ఆలస్యం కనబడి, జవాబూ తప్పయితే: చిక్కు తెలిసింది, విప్పుకోవడం సగంలో ఆగింది. ఆలస్యం లేదు, జవాబు తప్పు: చిక్కే తెలియలేదు. ఆలస్యం లేదు, జవాబు సరైనది: తప్పుదారి పట్టలేదు. మీట సమయాలకన్నా ఈ పట్టికకే నేను ఎక్కువ విలువిస్తాను.

వాక్యవిచారి
మాష్టారి చివరి అవకాశానికి ఒక ఆధారం మన భాషల తీరులోనే ఉంది. క్రియ చివర వచ్చే భాషలో పాఠకుడు విభక్తులు పట్టుకుని రాబోయే క్రియను ఊహిస్తూ పోతాడు. గిబ్సన్ 1998 సిద్ధాంతం ప్రకారం క్రియకీ దాని కర్తకీ మధ్య దూరం పెరిగితే క్రియ దగ్గర కష్టం పెరగాలి. కానీ జర్మన్‌లో కొనిచ్నీ 2000లోనూ, హిందీలో వసిష్ఠ్, లూయిస్ 2006లోనూ చూస్తే మధ్యలో మాటలు పెరిగినప్పుడు క్రియ ఇంకా త్వరగా చదివిన సందర్భాలు తేలాయి. మధ్య మాటలే రాబోయే క్రియను బిగిస్తాయి. హిందీ నుంచి తెలుగుకి వచ్చినవాడికి ఈ ఓపిక కొత్త కాదు. ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాడు తెలుగు నేర్చుకుంటే వేరే కథ.

"అని" వాక్యాలు పెట్టాలనుకుంటే ఒకటి సూచిస్తాను: "రవి తను వస్తానని చెప్పాడు." కర్త "తను", క్రియేమో "వస్తాను". ప్రథమ పురుష కర్తకు ఉత్తమ పురుష క్రియ. మనకు చెవికి ఏ మాత్రం అడ్డురాదు. బడిలో "నేను అయితే ను, వాడు అయితే డు" అని నేర్చుకున్న పాఠకుడు అక్కడ తప్పు అచ్చయిందనుకుంటాడు. "రవి తను వస్తాడని చెప్పాడు" పక్కన పెట్టి చూస్తే, తేడా ఒక్క అక్షరంలో ఉంటుంది, పొడవు సమానం. ఇంత శుభ్రమైన జత దొరకడం అరుదు.

వత్తులు_గుణింతాలు
ఇప్పటిదాకా ఎవరూ అడగనిది అడుగుతాను. "మాతృభాష తెలుగు" గుంపులో ఎవర్ని తీసుకుంటున్నారు? హైదరాబాదులో ఇంట్లో తెలుగే మాట్లాడుతూ, ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివి, రెండో భాషగా సంస్కృతమో హిందీయో తీసుకుని, తెలుగు దుకాణం బోర్డు దాకా మాత్రమే చదవగలిగే 20 ఏళ్ళవాళ్ళు కోకొల్లలు. వాళ్ళకు తెలుగు చెవి భాష, ఇంగ్లిష్ కంటి భాష. మరోవైపు 2018 చట్టంతో తెలంగాణ బడుల్లో 2018-19 నుంచి ఒకటి, ఆరు తరగతుల్లో మొదలుపెట్టి తెలుగు తప్పనిసరి చేశారు. అన్ని బడుల్లో ఒకేలా అమలు కాకపోయినా, ఆ ఏడు ఆరులో చేరినవాళ్ళు 2022-23లో పది పూర్తి చేసి ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళలో తెలుగు మాతృభాష కానివాళ్ళు, అయినా ఐదేళ్ళు తెలుగు వాచకం చదివినవాళ్ళు ఉన్నారు.

మొదటి గుంపువాడు "అబ్బాయితో" దగ్గర 900 మిల్లీసెకన్లు ఆగితే అది వాక్యం కష్టమా, "బ్బా" కష్టమా? చదివించి కొలిచే ప్రయోగం ఆ రెండింటినీ కలిపేస్తుంది. ఇది సరిదిద్దకుండా వచ్చే ఏ ఫలితాన్నీ నేను నమ్మను.

తార్నాక_శోధన
నిజమే. తీసుకున్నవాళ్ళందరూ "తెలుగు చదవగలరు" అని మాత్రమే అడిగాను. ఎలా సరిదిద్దాలి?

వత్తులు_గుణింతాలు
మొదట పది నిమిషాల పరీక్ష. వాక్యంతో సంబంధం లేకుండా విడి పదాల జాబితా ఒకటి ఇచ్చి, ఒక నిమిషంలో ఎన్ని సరిగ్గా పైకి చదివారో లెక్కించండి. ఇంకొక జాబితాలో అర్థంలేని, కానీ తెలుగు తీరున్న పదాలు పెట్టండి: "గొల్తము", "చిప్పరవు" లాంటివి. వీటిని గుర్తు మీద చదవలేరు, అక్షరం కూడబలుక్కోవాల్సిందే. లిపి మీద పట్టు ఇక్కడ బయటపడుతుంది. ఈ రెండు సంఖ్యలూ ప్రతి పాఠకుడికీ విశ్లేషణలో పెట్టండి.

ప్రశ్నపత్రంలో ఏ వయసులో తెలుగు వినడం మొదలైంది, ఏ వయసులో చదవడం మొదలైంది, రెండూ వేరువేరుగా అడగండి. తెలుగు ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా, వారానికి ఎన్ని గంటలు తెలుగు చదువుతారు, ఏం చదువుతారు.

ఇంగ్లిష్_మాష్టారు
దానికి తోడు అవే వాక్యాలు వినిపించి కూడా చెయ్యండి. ఒక్కో పదం రికార్డు చేసి, మీట నొక్కితే తర్వాతి పదం వినబడేలా. రికార్డు చేసేటప్పుడు వాక్యంగా చదివి ముక్కలు కోస్తే గొంతులోని ఎత్తుపల్లాలే రాజుని బయటివాడని చెప్పేస్తాయి. అందుకని అన్ని పదాలూ విడివిడిగా, ఒకే స్వరంతో చెప్పించాలి. పదం పూర్తయ్యాక మీట నొక్కడానికి పట్టిన సమయం కొలవాలి. పదం ఎంతసేపు వినిపించిందో అది తీసెయ్యాలి. వినికిడిలో కీలకపదం దగ్గరే ఆగి, చదవడంలో ఎక్కడపడితే అక్కడ ఆగినవాళ్ళు చెవి భాషవాళ్ళు.

దక్కనీ_జబాన్
మనుషుల్ని ఎక్కడ వెతకాలో కూడా చెప్పుకుందాం. యూనివర్సిటీ హాస్టళ్ళలో మాత్రమే తీసుకుంటే అందరూ రోజంతా ఇంగ్లిష్ చదివేవాళ్ళే దొరుకుతారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో తెలుగు మీడియంలో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళు పొద్దున్నించి రాత్రిదాకా తెలుగు వచనమే చదువుతారు. అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో పేపరు చదివే పెద్దవాళ్ళు ఉంటారు. కాకపోతే వయసు తేడా లెక్కలోకి వస్తుంది, వేలి వేగం కూడా మారుతుంది. ముందుగా చుక్క కనబడగానే మీట నొక్కే చిన్న పరీక్ష ఒకటి పెట్టి ఆ సమయం నమోదు చేసుకోండి.

తార్నాక_శోధన
సవరించిన ప్రణాళిక పెడుతున్నాను. 48 వాక్యజతలు, రెండు జాబితాలు, 96 ఇతర వాక్యాలు. కీలకపదం 5వది, తర్వాత మూడు పదాలు, ఆపైన క్రియ. ప్రతి జతకీ "రాజు లక్ష్మికి ఉత్తరం రాశాడు", "అబ్బాయి లక్ష్మికి ఉత్తరం రాశాడు" ఎంత సహజమో ప్రయోగంలో లేని 20 మందితో 1 నుంచి 7 దాకా మార్కులు వేయించి, తేడా ఉన్నవి తీసేస్తాను. ఉర్దూ, హిందీ గుంపులు వేరు చేస్తాను. విడి పదాలూ, అర్థంలేని పదాలూ పైకి చదివించే పరీక్ష ముందే ఉంటుంది. వినికిడి రూపం రెండో విడతగా, కనీసం వారం గ్యాప్‌తో. మొత్తం 144 వాక్యాల తర్వాతా ప్రశ్న పెడుతున్నాను.

గచ్చిబౌలి_కోడ్
అన్నింటికీ వద్దు. అసలు 48కీ పెట్టండి, మిగతా 96లో మూడో వంతుకి పెట్టండి. లేకపోతే గంటన్నర పడుతుంది, చివరి అరగంట కొలతలు అలసటవే. 72 వాక్యాల తర్వాత ఐదు నిమిషాల విరామం తప్పనిసరి. విరామం తర్వాతి మొదటి రెండు వాక్యాలు అసలు వాక్యాలు కాకుండా చూడండి.

ఇంగ్లిష్_మాష్టారు
ఒక్క సవరణ. మీ 48 ప్రశ్నలకీ సరైన జవాబు "లేదు" అయ్యేలా ఉంది. మొదటి పది తర్వాత అందరికీ అర్థమైపోతుంది. 24కి "అబ్బాయి లక్ష్మికి ఉత్తరం రాశాడా?" అని పెట్టండి, జవాబు "అవును" అవుతుంది. ఇతర వాక్యాల 32 ప్రశ్నల్లోనూ అవును, లేదు సగం సగం ఉండాలి. ఏ జతకు ఏ ప్రశ్న అన్నది రెండు జాబితాల్లోనూ ఒకటే ఉంచండి. మారిస్తే ప్రశ్న ప్రభావం, వాక్యం ప్రభావం కలిసిపోతాయి.

తార్నాక_శోధన
మార్చాను. మొదటి 12 జతలు ఆదివారం ఇక్కడే పెడతాను, వర్ణక్రమం దగ్గర్నుంచి చూసి చెప్పండి.